గడువు దాటిన కాపురము

మా వంటయింటి గోడకు క్యాలెండరు వ్రేలాడని యేడు లేదు. ఏకాదశి యెన్నడో, అమావాస్య యెన్నడో, పాలవానికి ఎన్ని నాగాలో చూచుకొనుటకే గదా మన యిండ్లలో దానిని తగిలించుట! కాని మేము కువైటు దేశమున కాపురమున్న పదునొకండు సంవత్సరములును ఆ క్యాలెండరుమీద ఎఱ్ఱసిరాతో చుట్టిన తేదీ యొకటి యుండెడిది. అది పిల్లల పుట్టినదినము కాదు, మా పెండ్లిదినమును కాదు. మా అకామా ముగియు దినము.

అకామా యననేమో తెలియని సోదరీమణులు కొందఱుందురు గనుక ముందుగా దానిని గూర్చి రెండు మాటలు చెప్పెదము. పరదేశమునకు పోవుటకు వీసా కావలయునని అందఱెఱుగుదురు. వీసా వాకిలి దాటించును. అంతమాత్రమున లోపల కూర్చుండనీయదు. గల్ఫుదేశములలో అట్లు కూర్చుండుటకిచ్చు అనుమతికే అకామా యని పేరు. కువైటులో దానికి అంకెలు కలవు. ప్రభుత్వోద్యోగులకు 17, ప్రైవేటు కంపెనీలలో పనిచేయువారికి 18, ఇండ్లలో పనిచేయువారికి 20, మాబోటి భార్యాబిడ్డలకు 22. అక్కడ ఇద్దఱు తెలుగువారు క్రొత్తగా కలిసికొన్నచో ఊరును పేరును అడిగిన పిమ్మట "ఏ వీసా అండీ?" యని అడుగుట పరిపాటి. ఇరువది యని వినబడగనే అడిగినవారి కంఠస్వరము మాఱును. మేమును అట్లు మార్చినవారమే.

ఆ దేశపు జనసంఖ్యలో మూడింట రెండు వంతులకు పైగా విదేశీయులు. వారిలో మన భారతీయులే అందఱికన్న నెక్కువ. ఇంచుమించు పది లక్షలమంది. ముప్పదియేండ్లుగా నున్నవారు కలరు, అక్కడనే పుట్టి పెరిగి పెండ్లాడినవారు కలరు. ఐనను అందఱును ఇల్లరికపుటల్లుండ్రవంటివారే. ఎన్నేండ్లున్నను ఇల్లు తమది కాదు. ప్రతి యకామాకును ఒక పూచీదారు ఉండవలయును. వానిని కఫీలందురు. ఉద్యోగికి కఫీలు వాని కంపెనీ; భార్యకు కఫీలు భర్త; పనిమనిషికి కఫీలు ఆ యింటి యజమానుడు. కఫీలుతో ముడి తెగెనా, అకామాయు తెగును. అది తెగిన మఱునాటినుండి, ఎవరి జోలికిని పోక, ఒక్క గడపయైనను దాటక, ఉన్నచోటనే యుండియు మనుష్యుడు దొంగ యగును. అట్టివారిని మనవారు "కల్లివల్లి" యందురు. అరబ్బుల వాడుకలో ఆ మాటకు "పోనీ, వదలివేయుము" అని యర్థము. మనుష్యులకు పెట్టదగిన పేరేనా యది?

ఆ పేరు మాకును ముప్పదియేడు దినములు తగిలినది. 2016వ సంవత్సరము, వేసవికాలము. మా యింటివారు పనిచేయు కంపెనీకిని ప్రభుత్వశాఖకును ఏవో లెక్కలలో పేచీ వచ్చి కంపెనీ ఫైలు నిలిపివేయబడినది. ఫైలు నిలిచిన కంపెనీలో ఎవరి యకామాయు క్రొత్తది గాదు. సరిగా ఆ నెలలోనే మా యింటివారి గడువు ముగిసినది. వారిది నిలువగా, వారిమీద నాధారపడిన మాదియు, పిల్లలిద్దఱిదియు నిలిచినవి. తప్పెవరిదని విచారించు నాథుడు లేడు. మనిషికి దినమునకు 2 దినారుల చొప్పున జరిమానా. నలుగురము గదా, తెల్లవారెనా 8 దినారులు! ఆనాటి మారకములో దినారనగా రెండువందల పైచిలుకు రూపాయలు. ఉదయమున కాఫీ కలుపుకొనునంతలోనే ఆ లెక్క మనస్సున మెదలెడిది.

జరిమానా యెట్లో కట్టవచ్చును, భయమునకు మందేమి? పతాకా యని మనవారు పిలుచు గుర్తింపుకార్డు మా చేతిసంచిలోనే యుండెను, కాని దానిమీది తేదీ చచ్చిపోయి యుండెను. బ్యాంకువారు ఖాతా నాపిరి. చిన్నవానికి జ్వరము వచ్చినది. వైద్యశాలలో ముందుగా పతాకా చూపవలయును గనుక అచటికి పోక, మందులకొట్టులో మాత్రలు కొని, నుదుట తడిగుడ్డ వేసి మూడు రాత్రులు కూర్చుంటిమి. వీధిలో పోలీసుబండి నిలిచినచో కిటికీతెర దించెడివారము. పుట్టి బుద్ధియెఱిగి ఒకరి సొమ్ము ముట్టనివారము, కందిపప్పు కొనుటకు వెనుకసందున నడచుట నేర్చుకొంటిమి.

అప్పుడు మాకు ధైర్యము చెప్పినది మా యింట పనిచేయు నామె. మా పిల్లలామెను పెద్దమ్మ యని పిలిచెడివారు గనుక మేమును ఇక్కడ అట్లే వ్రాసెదము. మేము కిటికీవద్ద నిలిచి తొంగిచూచుట గమనించి ఆమె యొకనాడిట్లనెను: "ఎందుకండమ్మగారూ అంత బెంగ? సందేళ ఆరు దాటాక మన వీధిలో చెకింగు ఉండదండి. బస్సెక్కకండి, బస్సుల్లోనే అడుగుతారు. బయటికెళ్తే చేతిలో కూరల సంచీ పట్టుకోండి. సంచీ ఉంటే ఇల్లూ వాకిలీ ఉన్నోళ్ళనుకుంటారండి." ఆ ముప్పదియేడు దినములును మా యింటికి కూరలు తెచ్చినది ఆమెయే.

కడకు కంపెనీ ఫైలు తెఱచిరి. 296 దినారులు కట్టి మరల మనుష్యులమైతిమి. ఆనాటి సాయంకాలము పరమాన్నము వండి పెద్దమ్మకును ఒక గిన్నె యిచ్చితిమి. "మీకు ముప్పైయేడు రోజులండి. నాకు మూడేళ్ళు దాటిందండి" అని నవ్వుచు తినినది. గిన్నె కడిగి బోర్లించి పోయినది.

ఆమె కథ యిది. కోనసీమలో రాజోలు దగ్గఱ నొక పల్లె. మగడు కొబ్బరి దింపుపనివాడు. చెట్టుమీదనుండి పడగా నడుము పోయినది. పండ్రెండేండ్ల కూతురిని తల్లివద్ద దిగవిడిచి, అప్పుచేసి దళారి చేతిలో పోసి, 2011లో 20వ నంబరు వీసామీద వచ్చినది. జహ్రాలో ఒక పెద్ద యిల్లు. యజమానుని బాబా యనియు, యజమానురాలిని మామా యనియు పిలువవలయును. జీతము 40 దినారులు. విమానము దిగిననాడే పాస్‌పోర్టు వారి బీరువాలోనికి పోయినది. కోడికూతకు లేచిన మనిషి అర్ధరాత్రికి నడుము వాల్చెడిది. వారమునకొక సెలవను మాటయే ఆమె వినియెఱుగదు. దానినైనను ఓర్చుకొన్నది. రెండవయేట నాలుగు నెలలు జీతమే యీయరైరి. అడిగినచో వచ్చు నెలలో ననిరి. ఊరిలో వడ్డీ అంతవఱకు నాగునా? 2013లో ఒకనాటి యుదయమున చెత్తసంచి పాఱవేయుటకని గుమ్మము దాటి, చెత్తతొట్టి దాటి, రోడ్డు దాటి, టాక్సీ యెక్కి ఫర్వానియాలో తన యూరివారుండు గదికి చేరినది. ఇంటివారు పరారీ యని ఫిర్యాదిచ్చిరి. అకామా రద్దయినది.

మన రాయబార కార్యాలయమువారు అట్లు వీధినపడిన పనిస్త్రీలకై ఆశ్రయగృహ మొకటి నడపుచున్నారు. ఆనాడామె టాక్సీవానితో ఫర్వానియా యనుటకు బదులు ఎంబసీ యనియున్నచో, రావలసిన జీతమును గూర్చి అడుగుటకును, ఇంటికి బోవుటకును దారి యుండెడిది. అట్టి యిల్లొకటి యున్నదని ఆమెకు చెప్పినవారు లేరు. దళారి చెప్పడు, యజమానులు చెప్పరు, గదిలోనివారికే తెలియదు. రెండేండ్ల పిమ్మట, 2015లో, ఆ దేశమున ఇంటిపనివారికై 68వ నంబరు చట్టము వచ్చినది. దినమునకు పండ్రెండు గంటలకు మించి పని చేయింపరాదు, వారమునకొక దినము సెలవీయవలయును, ఏడాదికొక నెల జీతముతో సెలవు, పనివారి సమ్మతి లేక పాస్‌పోర్టు దాచరాదు. మఱుసటియేట కనీసపు జీతము 60 దినారులని నిర్ణయించిరి. మంచి చట్టమే. అది పుట్టునాటికి పెద్దమ్మ చట్టమునకు వెలుపల నుండెను.

ఇక మా సంగతి. 2015 వేసవి మొదట ఆమె మా యింటికి పనికి వచ్చినది. ఉదయము రెండు గంటల పని: గిన్నెలు, ఇల్లు తుడుచుట, కూరలు తరుగుట. మా మేడలో పతాకా గలవారికి అట్టి పనికి నెలకు 35 దినారుల జీతము. పతాకా లేనివారికి 25. ఈ ధర యెవరు నిర్ణయించిరో యెఱుగము. పొరుగామె చెప్పినది, మేమును అట్లే యిచ్చితిమి. బేరమాడుట కాదు, దయ చూపుట యని మాకు తోచినది. పరారైనవారిని పనిలో పెట్టుకొనుట ఆ దేశమున నేరము గదా, ఆ యపాయము మేము మోయుచున్నాము గదా, అందులకు పది దినారులు తగ్గించినచో తప్పేమి యని మా తర్కము. ఆమె యింటికి డబ్బు పంపవలెనన్న మారకపుకొట్టులో పతాకా చూపవలయును. మా యింటివారి పతాకామీద పంపెడివారము. అదియు ఉపకారమే యనుకొంటిమి. ఆలోచించిచూడగా, ఆమె జీతమును, ఆ జీతము ఊరు చేరుటయు, రెండును మా చేతిలోనే యుండెను. జహ్రాలోని యింటివారి చేతిలో నుండినదియు అంతియే. కాకపోయిన మేము ఆమెకు కాఫీ యిచ్చెడివారము.

ఒక చిత్రము చెప్పవలయును. ఆనాటి నియమము ప్రకారము అకామా జరిమానా 600 దినారులు దాటదు. దినమునకు 2 చొప్పున 300 దినములలో ఆ మొత్తము నిండును. ఆపైన ఎన్నేండ్లున్నను పెరుగదు. అందుచేత మొదటి సంవత్సరమున గుండె చేతబట్టుకొని తిరిగినవారికి నాలుగవయేట భయము మొద్దుబారును. ఎట్లును మునిగితిమి, లోతెంతయైన నేమి యని యుందురు. ఒక్క జబ్బు మాత్రమే వారిని భయపెట్టును. పెద్దమ్మకు దవడపన్ను పుచ్చి ముఖము వాచినది. లవంగము నొక్కిపెట్టుకొని పదిదినములు పనికి వచ్చినది. పతాకా లేని పంటిని చూచు వైద్యుడేడి?

2018 జనవరి చివర ఆ ప్రభుత్వము క్షమాభిక్ష ప్రకటించినది. మనవారు ఆమ్నెస్టీ యందురు. 2011 తరువాత అదియే మొదటిది. జనవరి 29 మొదలు ఫిబ్రవరి 22 లోపల, గడువు దాటి యున్నవారు జరిమానా లేక స్వదేశమునకు పోవచ్చును. సక్రమమైన వీసా దొరకినచో మరల రావచ్చును. ఉండదలచినవారు జరిమానా కట్టి, కఫీలును చూచుకొని, కాగితములు సరిచేసికొనవచ్చును. ఇట్టి యవకాశమున గాక పోలీసులకు చిక్కి పంపబడినవారు వేలిముద్రలిచ్చి పోవలయును. వారికి ఆ దేశపు వాకిలి మరల తెఱువబడదు. పాస్‌పోర్టు చేతలేనివారికి మన రాయబార కార్యాలయము ఒక కాగితమిచ్చును. అది ఒక్కసారి యింటికి బోవుటకు మాత్రమే చెల్లును. దానికే ఔట్‌పాసని వాడుక. దానికొఱకు ఎంబసీ ముందు తెల్లవారకమున్నే వరుసలు కట్టిరి. శుక్రవారములు మాలియాలో తెలుగువారు చేరుచోట చదువు వచ్చినవారు కొందఱు రానివారికి దరఖాస్తులు నింపిపెట్టుచుండిరి.

పెద్దమ్మ గిన్నెలు తోముచు, తల యెత్తకయే యడిగినది: "ఎళ్ళిపోమంటారాండి అమ్మగారూ?"

అప్పటికి మాకు గర్భసంచి శస్త్రచికిత్స జరిగి మూడు వారములు. బిందె యెత్తరాదు, వంగరాదు అని వైద్యురాలి యాజ్ఞ. పెద్దవానికి పరీక్షలు. మా యింటివారు తెల్లవారుజామున పనికి పోయి రాత్రికి వచ్చెడివారు. "తొందర యేమున్నది? గడువు పొడిగింతురులే. పరీక్షలు కానిమ్ము" అంటిమి. ఆమె సరేనండి యనినది. ఆమెకును తనదైన లెక్క యొకటి యుండెను. ఊరిలో ఇంటికి స్లాబు వేసిన యప్పు కొంత మిగిలియుండెను. ఇక్కడ గదివారితో వేసికొన్న చీటీ మే నెలలో చేతికి వచ్చును. ఐనను అడిగినది మమ్ము. నిలిపినది మేము.

ఫిబ్రవరి 22వ తేదీ రాకమునుపే గడువును ఏప్రిల్ 22 వఱకు పొడిగించిరి. మా మాట నిజమైనది. కొంప ముంచినది ఆ నిజమే! ఏప్రిల్ రెండవ వారమున ఆమె మరల నడిగినప్పుడు మేమింకను ధైర్యముగా "మరల పొడిగింతురు, చూడుము" అంటిమి. పొడిగింపలేదు. ఏప్రిల్ 23వ తేదీ యుదయము ఏడు గంటలకు ఎప్పటివలెనే వచ్చినది. మేమేమియు ననలేదు. ఆమెయు ననలేదు. గిన్నెలు తోమి, చీపురు మూలబెట్టి, "రేపు పప్పు నానబెట్టమంటారాండి?" యని యడిగి పోయినది.

మా ముప్పదియేడు దినముల భయము ఆనాడు మాకెందుకు గుర్తు రాలేదని సోదరీమణులు అడుగవచ్చును. మేమును అడుగుకొనుచునే యున్నాము. జ్వరము తగ్గినవానికి జ్వరపు రుచి నోట నిలువదు.

2019 శ్రావణమాసమున ఊరిలో ఆమె కూతురి పెండ్లి. మంచి సంబంధము, వరుడు రావులపాలెములో పండ్లకొట్టు నడపువాడు. తల్లి రాలేదేమని పెండ్లివారడిగినచో సెలవు దొరకలేదని చెప్పిరట. ముహూర్తము ఉదయము 9 గంటల 40 నిమిషములకు. మాకును మన దేశమునకును రెండున్నర గంటల భేదము. అనగా కువైటులో 7 గంటల 10 నిమిషములు. ఆమె పనివేళ అదియే. గదిలో అందఱును పనులకు పోవుదురు, నెట్టు సరిగా రాదు, మీ యింట చూచెదనని యడిగినది. వంటగట్టుమీద పప్పుడబ్బాకు ఫోను ఆనించి నిలిపితిమి. మేము వెనుక నిలిచితిమి, పిల్లలు ఆమె ప్రక్కన నిలిచిరి. చీర మంచిదే కట్టుకొని వచ్చినది. జీలకఱ్ఱ బెల్లము పెట్టువేళకు ఆమె కొంగుముడి విప్పి గుప్పెడు బియ్యము తీసినది. పసుపు కలిపి తెచ్చుకొన్నది. బాజాలు వినబడగనే ఎక్కడ వేయవలయునో తోచక ఒక్క క్షణము చూచి, ఆ ఫోనుమీదనే చల్లినది. పిమ్మట కన్నులు తుడుచుకొని చీపురు తెచ్చి ఆ గింజలు తానే యూడ్చబోగా మేము చీపురు లాగికొంటిమి. ఆనాటి గింజలు కొన్ని పొయ్యివెనుక సందున చాల దినములు కనబడుచుండినవి.

2020లో కరోనా వచ్చినది. మార్చి నుండి రాత్రులు కర్ఫ్యూ. ఇండ్లలో పనులు నిలిచినవి. జబ్బుభయముచేత ఎవరును పనివారిని గుమ్మమెక్కనీయరైరి. పతాకా లేనివారికి కూలి లేదు, వైద్యము లేదు. ఏప్రిల్ నెలలో ప్రభుత్వము మరల క్షమాభిక్ష ప్రకటించినది. ఈసారి జరిమానా లేకపోవుటయే కాదు, విమానపు టిక్కెట్టు సయితము వారే యిత్తురు. దేశమునకొక వంతు చొప్పున దినములు కేటాయించిరి. మన భారతీయులకు ఏప్రిల్ 16 నుండి 20 వఱకు. ఫర్వానియాలోని పాఠశాలలలో పేర్లు వ్రాసికొనుచుండిరి.

ఈసారి ఆమె మమ్మడుగలేదు. ఫోను చేసి, "రేపు ఎళ్తన్నానండి" యని మాత్రమే చెప్పినది. మా యింటివారు ముఖమునకు గుడ్డ కట్టుకొని పోయి, మేము సర్దిన సంచి వీధిమలుపున ఆమెకందించి వచ్చిరి. అందులో రెండు చీరలు, బిస్కట్లు, పచ్చడిసీసా, నూఱు దినారులు. ఆ నూఱును చూచుకొని అప్పటికి మా మనస్సు తేలికపడినది కూడ. వెళ్ళినవారు వెంటనే విమానమెక్కలేదు. మార్చి చివర మన దేశము విమానముల రాకపోకలు నిలిపియుండెను. పేర్లు వ్రాయించుకొన్నవారిని శిబిరములలో నుంచిరి. రంజాను నెల వచ్చినది. మే 10 నుండి నెల చివరివఱకు ఊరంతయు పగలురాత్రి కర్ఫ్యూ. తలుపు దాటి ఆమెను చూచుటకు మాకు వీలులేదు. శిబిరములో ఎండ, నీళ్ళకు వరుస, పడుకొన చోటు లేమి: ఆమె ఫోనులో చెప్పునది కొంత, చెప్పనిది కొంత. మే నెలలోగాని విమానములు కదలలేదు. దిగిన పిమ్మటను క్వారంటైను. కడకు తొమ్మిదేండ్లకు ఇల్లు చేరినది. పండ్రెండేండ్ల పిల్లను విడిచి పోయిన మనిషికి, నెలలు నిండిన కూతురు తలుపు తెఱచినదట.

మేము 2022లో కువైటు విడిచి కాకినాడ చేరితిమి. రాజోలు మాకు దూరము కాదు. ఐనను పోవుటకు మూడేండ్లు పట్టినది. ఈలోపల ఆ దేశమున మఱియొక క్షమాభిక్ష వచ్చినది. 2024లో మార్చి 17 మొదలు జూన్ 17 వఱకని, పిమ్మట జూన్ 30 వఱకు పొడిగించిరి. 1959 నాటి విదేశీయుల నివాసచట్టమును తీసివేసి, 2025 జనవరి 5 నుండి క్రొత్తచట్టము నమలులో పెట్టిరి. జరిమానాలు పెరిగినవి. ఇవి పత్రికలో చదివినప్పుడెల్ల పెద్దమ్మ గుర్తుకు వచ్చెడిది. గుర్తుకు వచ్చినంతమాత్రమున ఎవరు బస్సెక్కుదురు?

2025 ఫిబ్రవరిలో యానాము వంతెన మీదుగా అమలాపురము పోయి, అచటినుండి ఆ పల్లె చేరితిమి. స్లాబు ఇల్లు, ముందు రెండు కొబ్బరిచెట్లు. జుట్టు నెరసినది. మమ్ము చూచి "అమ్మగారూ!" యని లోపలికి పరుగెత్తి కుర్చీ తెచ్చినది, తాను గడపమీద కూర్చున్నది. ప్రక్కన కూర్చుండుమనినను కూర్చుండలేదు. మనుమనికి నాలుగేండ్లు దాటినవి. ఒక బిస్కట్టుడబ్బా తెచ్చి చూపినది. అందులో కూతురి శుభలేఖ, చీటీ పుస్తకము, ఔట్‌పాసు నకలు. పాస్‌పోర్టు మాత్రము లేదు. అది జహ్రాలోని బీరువానుండి మరల ఆమె చేతికి రానేలేదు.

మేముండగనే పొరుగింటి పిల్ల యొకతె వచ్చినది. ఇరువదిమూడేండ్లది, చంకన బిడ్డ. మస్కటు పోవుచున్నదట. పెద్దమ్మ ఆమె పాస్‌పోర్టు చేతికి తీసికొని, పుటలు త్రిప్పుచు, "ఏ వీసా?" యని యడిగినది. ఆ ప్రశ్న వినగనే మాకు ఒళ్ళు జలదరించినది.

"విజిట్ అంట అత్తా. అక్కడికెళ్ళాక పనివీసాకి మారుస్తానన్నాడు."

"ఎన్నాళ్ళుంది అది?"

ఆ పిల్లకు తెలియదు. దళారి చెప్పలేదు, అడుగవలయునని ఆమెకును తోచలేదు.

అప్పుడు మేము తెలిసినంత చెప్పితిమి. పదవతరగతి దాటనివారి పాస్‌పోర్టుమీద ఈసీఆర్ యని యుండును. అట్టివారు గల్ఫుదేశములలో పనికి పోవుటకు మన ప్రభుత్వపు అనుమతి ముందుగా కావలయును. ఇంటిపనికై పోవు స్త్రీకి ముప్పదియేండ్లు నిండనిచో ఆ యనుమతి యీయరు. 2016లో వచ్చిన యుత్తరువు ప్రకారము అట్టి స్త్రీలను పంపు పని ప్రైవేటు దళారులది కాదు, ప్రభుత్వసంస్థలదే. ఆంధ్రలో ఓంక్యాప్, తెలంగాణములో టామ్‌కామ్ అట్టివి. ఈ నియమములు తప్పించుటకే విజిట్ వీసా చేత బెట్టుట. చూచి వచ్చెదనని పోయినవారు పని చేయుటయే తప్పు. దానిమీది తేదీ దాటినచో రెండవ తప్పు. జీతము ఎగవేసినను అడుగుటకు నోరుండదు. ఇట్లని చెప్పుచుండగా ఆ పిల్ల ముఖము చిన్నదైనది. "మరి అప్పు చేసేశామండి" యనినది. దానికి మావద్ద సమాధానము లేకపోయినది. పెద్దమ్మ మాత్రము, "అప్పు ఇక్కడుండి తీర్చొచ్చే. పుస్తకం ఎవడి చేతికీ ఇవ్వకు. జిరాక్సు తీయించి మీ అమ్మ దగ్గర పెట్టు. ఎంబసీ నంబరు చేతిమీద రాసుకో. తేదీ చూసుకో, తేదీ చూసుకో" యని రెండుమాఱులు చెప్పినది.

వచ్చునపుడు మా చేతిసంచినుండి కవరు తీసితిమి. 2015 వేసవినుండి 2020 వేసవివఱకు ఐదేండ్లు, అఱువది నెలలు. నెలకు 10 దినారులు తగ్గించి యిచ్చితిమి గదా, 600 దినారులు. ఆమె జరిమానా యెంతో సరిగా అంత. ఈ లెక్క మాకు చాలనాళ్ళు తట్టలేదు. తట్టిన పిమ్మట విడువలేదు. మేము తీసికొనిపోయినది అందులో సగము. మిగిలిన సగము పిమ్మట నిత్తమనుకొంటిమి.

"ఇదెందుకండమ్మగారూ?" అనినది.

"మీకు మేము బాకీ" అంటిమి. ఆమెను మేము మీరనుట అదియే మొదటిసారి.

ఆమె వద్దనలేదు. గడపమీదనే కూర్చుండి నోట్లు రెండుమాఱులు లెక్కించినది. బిస్కట్టుడబ్బాలో శుభలేఖ క్రింద పెట్టి మూత నొక్కినది. బస్సునకు వేళయినదని లేచితిమి. మా సంచి తానే యెత్తుకొన్నది. వద్దనినను వినక బస్సుస్టాండు వఱకు మోసికొని వచ్చినది.